గుక్కకూ గుక్కకూ మధ్య

ఆ రోజు, అంటే వరంగల్ చేరిన మర్నాడు పొద్దున పదకొండు గంటలకు, పుట్టి మూడు రోజులైన ఒక ఆడపిల్ల తల్లితో "పాపకు చీకే బలం తక్కువగా ఉందమ్మా" అన్నాను. అలా అనే హక్కు నాకు లేదు. నేను వైద్యుణ్ణి కాను. కొలిచింది ఏదీ తల్లులకు చెప్పవద్దని దవాఖానవాళ్లు ముందే చెప్పి, కాగితం మీద నా సంతకం కూడా తీసుకున్నారు. పైగా ఆ మాట నిజం కాదు. ఒక్క వాక్యంలో ఇన్ని తప్పులు పట్టించడం యాభై నాలుగేళ్ల నా జీవితంలో కూడా అరుదే. మొదటిసారి మాత్రం కాదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

వరంగల్ వెళ్లి వచ్చినవాళ్లు కోట గురించి, వేయి స్తంభాల గుడి గురించి రాస్తారు. నేను నాలుగు రోజులు ఉండి రెండూ చూడలేదు. ఒక వార్డు, ఒక మిర్చి యార్డు, ఒక బస్సు, ఒక ఇంటి గడప చూశాను. ఆ గడప కూడా బయటి నుంచే.

నేను రాజమండ్రిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. పసిపిల్లలు పాలు చీకే తీరును కొలిచే పరికరం ఒకటి తయారుచేశాను. మెత్తని పాలపీక, దాని వెనక సన్నని గొట్టం, గొట్టం చివర ఒత్తిడిని పట్టే చిన్న బిళ్ల, అక్కడి నుంచి ల్యాప్‌టాప్‌కు ఒక తీగ. పాప చీకితే తెర మీద గీత లేస్తుంది, వదిలితే దిగుతుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు ఎప్పుడు నోటితో తాగడానికి సిద్ధమవుతారో తెలుసుకోవడానికి ఇలాంటి గీతలు పనికొస్తాయి. దానికి ముందు, నెలలు నిండి పుట్టిన పిల్లల గీతలు ఎలా ఉంటాయో తెలియాలి. వరంగల్‌లో ఒక ప్రసూతి దవాఖానలో పిల్లల డాక్టరమ్మ అందుకు ఒప్పుకుంది. నా యాత్రకు కారణం అదే.

డోర్నకల్ దాకా జపం

విజయవాడలో బండి మారాను. ఎదురు సీట్లో ఒక అమ్మాయి, ఒళ్లో రెండు నెలల పిల్లాడు, పక్కన ఆమె అమ్మమ్మ. ఖమ్మం దాటాక పిల్లాడు ఏడ్చాడు. అమ్మాయి కొంగు కప్పుకుని పాలు పట్టింది. నేను మర్యాదగా కిటికీ వైపు తిరిగాను. ముఖం తిప్పుకోగలం గానీ చెవులు తిప్పుకోలేం కదా. పిల్లాడు గుటక వేసే చప్పుడు బండి మోతలోనూ వినిపిస్తోంది. నా బొటనవేలు దానంతట అదే మిగతా వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. లెక్క తప్పకూడదని కళ్లు కూడా మూసుకున్నాను. ఏడో ఎనిమిదో గుటకలు కాగానే చప్పుడు ఆగేది, నా వేలూ ఆగేది. మళ్లీ మొదలైతే మళ్లీ నడిచేది. గుటకలన్నీ లెక్కపెట్టాను. ఆగడాలను మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. అవి లెక్కలోవి అని నాకు తోచలేదు.

ఎవరో సీటు కోసం నెట్టుకుంటూ వచ్చారు. అమ్మమ్మ గొంతు వినిపించింది. "అటు జరుగుర్రి, జర. సారు జపం చేసుకుంటాండు."

అప్పుడే కళ్లు తెరిచి అసలు సంగతి చెప్పవచ్చు. చెప్పలేదు. ఆ భక్తికి ఫలంగా ముప్పాతిక సీటు దక్కింది, రెండు జామకాయలు కూడా. డోర్నకల్‌లో బండి చాలాసేపు నిలబడింది. నేను టీ తాగి వచ్చాక ఆమె అడిగింది. "ఏ దేవుని జపం, సారు?"

"ఆంజనేయస్వామిది" అన్నాను.

"మంచిది. ధైర్యమిస్తడు" అందామె, మూడో జామకాయ ఇస్తూ.

నేను కానివాణ్ణని ఎవరైనా అనుకుంటే కాదనకుండా ఊరుకునే జబ్బు నాకుంది. ఆ రోజు దాని ఖర్చు ఎదుటివాళ్ల మూడు జామకాయలే కనుక పట్టించుకోలేదు.

సాయంత్రం హనుమకొండలో సర్వప్ప తిన్నాను. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు కలిపి గిన్నె లోపలి వైపు పలచగా తట్టి కాలుస్తారు. ఒకటి ముప్పై రూపాయలు. మా దిబ్బరొట్టె అయితే మందంగా, మూత పెట్టుకుని, తొందర లేకుండా కాలుతుంది. ఇది అలా కాదు. బండి దగ్గరి ఆమె పిండి తట్టాక వేలితో నాలుగైదు చోట్ల పొడిచింది. "ఆ బెజ్జాలెందుకమ్మా?" అని అడిగాను.

"పొక్కల్లకెళ్లే నూనె దిగేది సార్. పొక్కల్లేకుంటె నడుమ పచ్చిగుంటది."

చాలా బాగుంది అని రుచి గురించి మాత్రమే డైరీలో రాసుకున్నాను.

వార్డులో తెల్లకోటు

దవాఖానలో నాకు తోడుగా విమల సిస్టర్‌ను ఇచ్చారు. పాప నోట్లో పీక పెట్టేది ఆమె, ల్యాప్‌టాప్ చూసేది నేను. మొదటి పాప నా చొక్కా మీద ఠీవిగా పాలు కక్కింది. సిస్టర్ మేకుకు వేలాడుతున్న ఒక తెల్లకోటు తీసి ఇచ్చింది. నేను వేసుకున్నాను. అయిదు నిమిషాల్లో వార్డంతటికీ డాక్టర్ సాబ్‌నయ్యాను. ఒక ముసలాయన తన మోకాలు చూపించాడు. నేను చూశాను కూడా.

నాలుగో పాప రజిత కూతురు. రజితకు ఇరవై రెండేళ్లు ఉంటాయి. తొలి కాన్పు. పరకాల అవతల ఊరు వాళ్లది. తల్లి కొమురమ్మ మంచం కోడు పట్టుకుని నిలబడి, కన్నార్పకుండా నన్నే చూస్తోంది. పాప పీకను పట్టుకుంది. గీత లేచింది, లేచింది, లేచింది, ఆగింది. మళ్లీ లేచింది. రెండు నిమిషాలు కొలిచాక సిస్టర్ పీకను కడగడానికి వెళ్లింది.

"డాక్టర్ సాబ్, ఏమొచ్చింది టీవీల?" అంది కొమురమ్మ.

నేను ల్యాప్‌టాప్‌ను ఆమె వైపు తిప్పాను. ఎందుకు తిప్పావు అంటే, అందంగా ఉంటుందని. ఫలితం తెలుగులో కనబడేటట్టు చేయడానికి నేను రెండు వారాలు కష్టపడ్డాను. అప్పటిదాకా దాన్ని మెచ్చుకున్నవాళ్లు లేరు. తెర మీద గీత ఆగిన చోటల్లా ఎర్రగా ఉంది. కింద పెద్ద అక్షరాలతో "బలహీనం" అని వచ్చింది.

రజిత ఇంటర్ చదివింది. నేను నోరు తెరవకముందే చదివేసింది. "బలహీనమా సార్?"

"ఇంకా ఏమీ చెప్పలేం" అని ఉంటే సరిపోయేది. తెల్లకోటులో ఉన్న మనిషి ఏమీ చెప్పలేననడం బాగుండదు అనిపించింది. అందుకని మొదట రాశానే, ఆ మాట అన్నాను.

"ఎట్ల సార్, ఏడుపైతే మస్తు ఏడుస్తది" అంది కొమురమ్మ.

"ఏడుపు వేరు, చీకడం వేరు" అన్నాను. ఈ వాక్యం ఎంత గంభీరంగా ఉందో చూడండి.

పక్క మంచం దగ్గరి ఆడమనిషి "పాలు లేక గావచ్చు, అందుకే ఆగుతాంది" అంది. ఆ చివరి నుంచి ఇంకొకామె, "మా చెల్లె కూడ గిట్లనే. పాలు పడలే" అంది. రజిత కొంగు చివరతో పాపను కప్పేసింది, నా ల్యాప్‌టాప్‌కు దిష్టి తగులుతుందేమో అన్నట్టు.

మధ్యాహ్నం రజిత భర్త రమేశ్ టిఫిన్ డబ్బాతో వచ్చాడు. ఎనుమాముల మార్కెట్లో హమాలీ. మిర్చి సీజను. బస్తాల ఘాటు చర్మంలోకి ఇంకిపోయి ఎన్నిసార్లు కడిగినా వదలదట. అందుకని పుట్టిన దగ్గర్నుంచీ పాపను ఎత్తుకోలేదు. చేతులు ఒంటికి దూరంగా పట్టుకుని, వంగి, పాప ముఖం మీద చూపు మాత్రం ఆనించాడు. కొమురమ్మ అతని చెవిలో ఏదో చెప్పింది. అతను నా దగ్గరికొచ్చాడు.

"సార్, డబ్బ పాలు పట్టాల్నా?"

"అది డాక్టరమ్మ చెప్పాలి" అన్నాను. ఆ రోజు నేనన్న సరైన మాట అదొక్కటే. అని, అతను ఇంకేదో అడగబోతుంటే భోజనానికి వెళ్లిపోయాను. మెస్సులో పప్పుచారు బాగుంది. రెండుసార్లు వేయించుకున్నాను.

ఖాళీ మంచం

మర్నాడు రజిత మంచం ఖాళీగా ఉంది. ముందు అనుకున్న ప్రకారమే సాయంత్రం ఇంటికి పంపించారట. విమల సిస్టర్ నా కోసమే నిలబడి ఉంది.

"మీరేమన్నరు సార్ వాళ్లతోని?"

"ఎవరితో?"

"నేను పీక కడుగ పోయి వచ్చేలోపల పిల్లకు బలం లేదన్నరట. పొయ్యేటప్పుడు దుకాణంల పాలపొడి డబ్బ, సీసా కొన్కపోయిన్రు. పక్క మంచం ఆమె ఇప్పుడు చెప్పింది. ఆ పిల్ల తాగుడు నేను కండ్లార చూసిన సార్. సక్కగ తాగుతాంది."

నేను ల్యాప్‌టాప్ తెరిచి, నన్ను నేను కాపాడుకోవడానికి, ఎర్ర చోట్లు చూపించాను. ఆమె వంగి చూసింది.

"ఇవి ఏంటియి?"

"ఆగిపోయిన చోట్లు."

"పిల్లలు ఆగరా సార్? నాలుగు గుక్కలు తాగుతరు, జర ఆగుతరు, మల్ల తాగుతరు. ఆగని పిల్లను నేనైతే చూడలే."

ఇక్కడ నేను ఒప్పుకోవలసింది ఒకటుంది. ఈ సంగతి నాకు తెలుసు. పసిపిల్లలు వరసగా కొన్నిసార్లు చీకి, ఆగి, మళ్లీ అందుకుంటారని చదివాను. నా సొంత నివేదిక మొదటి పేజీలోనే రాశాను. కానీ పరికరాన్ని సరిచూసింది మా ఇంట్లో చేపల తొట్టి పంపుతో. పంపుకు అలుపు రాదు. అది ఎక్కడా ఆగదు. పంపుతో పోల్చుకుని, రెండు సెకన్లు దాటి ఆగితే ఎరుపు, ఎరుపు ఎక్కువైతే బలహీనం అని నేనే రాసిపెట్టి మరిచిపోయాను. మొదటి ముగ్గురు పాపలకూ అదే మాట వచ్చింది. వాళ్ల తల్లులు అడగలేదు కనుక బతికిపోయారు.

డాక్టరమ్మ దగ్గరికి నేనే వెళ్లి చెప్పాను. ఆమె అరవలేదు. "మెషిన్ ఇక్కడ పెట్టి వెళ్లండి" అంది. అరిచి ఉంటే బాగుండేదనిపించింది.

రజిత ఫోను స్విచాఫ్. రమేశ్ ఎత్తడం లేదు. ఆ ఊరి ఆశా వర్కర్ పెళ్లికి వెళ్లింది, రేపు గాని రాదు. "ఒక్క రోజుల ఏమైతది అనుకోకండి సార్" అంది సిస్టర్. "సీసాకు మరిగిందంటె పిల్ల తల్లి దగ్గర పట్టది. పిల్ల పట్టకుంటె తల్లికి పాలు గడ్డకడుతయి, తరువాత తగ్గిపోతయి. రమేశ్ మార్కెట్ల ఉంటడు. పోయి పట్టుకోండి. మీరన్న మాట, మీరే పోయి తీసుకోవాలె."

ఎనుమాముల

నేను ఎరుపుకు భయపడుతున్న రోజునే నన్ను ఎనుమాముల పంపించాడు దేవుడు, బహుశా ఆంజనేయస్వామే. కనుచూపు మేర మిర్చి బస్తాలు. గేటు దాటకముందే దగ్గు మొదలైంది. అక్కడివాళ్లంతా ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకున్నారు. ఎవరు ఎవరో తెలియదు.

"రమేశ్ ఉన్నాడా?" అన్నాను ఒక తువ్వాలును.

"ఏ రమేశ్? మా దగ్గర రమేశులు బస్తాలెక్కన ఉంటరు."

"ఈ మధ్యనే కూతురు పుట్టింది."

"ఓ, గా రమేశా. బిడ్డ పుట్టి మిఠాయి పెట్టకుండ మొఖం దాసుకొని తిరుగుతాండు. మీరన్న జర అడుగుండ్రి సార్."

అతను మిఠాయి ఎందుకు పెట్టలేదో నాకు తెలుసు. ఆ యార్డులో ఆ సంగతి తెలిసింది అతనికీ నాకూ మాత్రమే.

రమేశ్ లారీ దగ్గర ఉన్నాడు. నన్ను చూడగానే, "పాప సంగతా సార్?" అన్నాడు. 

"పాపకు ఏమీ లేదు. బలంగా ఉంది. నేను తప్పు చెప్పాను. నా మెషిన్ తప్పు, నాది ఇంకా పెద్ద తప్పు. ఇంటికెళ్లి చెబుదాం, పద."

అతను నన్ను తిట్టలేదు. తిట్టడానికి నోరెత్తి మానుకున్నట్టు మాత్రం అనిపించింది. "ఇంక పన్నెండు బస్తాలున్నయి. లోడు నడుమ ఇడిసిపోరాదు" అన్నాడు.

నిలబడ్డాను. అతను వీపు మీద బస్తా వేసుకుని చెక్క మీదుగా లారీ ఎక్కి, దించి, దిగివచ్చి, గోడకు అరచెయ్యి ఆనించి కాసేపు ఆగేవాడు. నాకు పరకాల బస్సు తొందర. దారిలో అడ్డంగా ఉన్న ఒక బస్తా చెవి పట్టుకుని పక్కకు లాగాను, సాయం చేస్తున్నానని. ఆపైన నుదుటి చెమట తుడుచుకున్నాను. చెయ్యి కంటి దాకా వెళ్లింది.

తర్వాత ఏం జరిగిందో నేను చూడలేదు. విన్నాను. "రుద్దకు సార్, రుద్దకు." "కండ్లు తెరువు, నీళ్లు కొడుతాన." "ఎవలు సార్ ఈయన? ఆంధ్ర మిర్చి వేరే, మా వరంగల్ మిర్చి వేరే అని ఎవలన్న చెప్పుండ్రి." నలుగురు హమాలీలు నన్ను తొట్టి దగ్గర కూర్చోబెట్టి బిందెడు నీళ్లతో కడిగారు. చేతులకు నూనె రాశారు. ఒక కన్ను మాత్రం తెరుచుకుంది. ఆ కంటితో చూస్తే రమేశ్ మళ్లీ గోడకు ఆని ఆగి ఉన్నాడు.

"కొంచెం త్వరగా కానిస్తే బస్సు అందుతుంది" అన్నాను.

"దమ్ము తీసుకోకుంటె ఇంకోటి లేవది సార్" అన్నాడు.

అప్పటికి నాకు ఒక కన్నే పని చేస్తోంది. తల అసలే పనిచేయడం లేదు. ఆ మాట నా మీంచి వెళ్లిపోయింది.

పరకాల బస్సు

ఆడవాళ్లకు బస్సు ఉచితం. మా వైపూ ఇప్పుడు అంతే. సీట్లన్నీ వాళ్లవే. డబ్బు పెట్టి టికెట్ కొన్న మగవాళ్లమంతా నిలబడ్డాం. ఆ రోజు నాకు అది న్యాయంగానే అనిపించింది. నా ఎర్రకన్ను చూసి ఒకామె జాలిపడి సీటివ్వబోయింది. వద్దన్నాను. ఈ యాత్రలో కాదనగలిగినది అదొక్కటే.

దారిలో మా ఆవిడ శారద ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పాను.  "మళ్లీనా?" అంది. అంతే అని పెట్టేసింది.

ఆ "మళ్లీ" ఏమిటో చెబుతానన్నాను కదా. మా అమ్మాయి పుట్టి ఇరవై ఆరేళ్లు. అప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఫిజిక్స్ మాస్టర్ని. కాలేజీ నుంచి తరాజు తెచ్చాను. పాలు తాగకముందు ఒకసారి, తాగాక ఒకసారి పిల్లను తూచేవాణ్ణి. స్టాప్‌వాచ్ పట్టుకుని మంచం పక్కన కూర్చునేవాణ్ణి. పిల్ల ఆగగానే "చూశావా, ఆగింది" అనేవాణ్ణి. వారం తిరక్కుండా డబ్బా తెచ్చాను. బారసాల నాడు చుట్టాలంతా ఉండగా, "శారదకు పాలు చాలవు, లెక్కలో తేలింది" అని ప్రకటించాను.  ఇప్పటికీ ఎవరింట పేరంటమైనా మా అమ్మాయి డబ్బాపాల పిల్లే. ఆ మాటకు శారద ప్రతిసారీ లేచి వంటింట్లోకి వెళుతుంది. మంచినీళ్ల కోసం వెళుతుందనుకునేవాణ్ణి.

గడప బయట

మేం చేరేసరికి అయిదు కావొస్తోంది. కొమురమ్మ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని వేడినీళ్లలో పాలసీసా కడుగుతోంది. లోపలి గదికి పాత చీర ఒకటి పరదాగా కట్టారు. ఇరవయ్యొకటో రోజు దాకా పరాయి మగవాళ్లు అది దాటకూడదు. మా వైపు ఈ పట్టింపు ఇప్పుడు సడలిపోయింది. అప్పట్లో అది మొగుళ్లకూ ఉండి ఉంటే మా ఇంట్లోకి తరాజు వచ్చేది కాదు.

"ఎందుకొచ్చినవ్ సారు?" అంది కొమురమ్మ. "మెషిన్ మల్ల పెడుతవా?"

"లేదమ్మా. నిన్న తప్పు చెప్పాను. పాపకు బలం ఉంది."

"నిన్న లేదంటివి. ఇయ్యాల ఉన్నదంటివి. ఒక్క రోజుల బలమెట్లొచ్చె?"

"బలం మొదటి నుంచీ ఉంది. తెలివి నాకే తక్కువ."

"డాక్టర్లే గిట్ల తీరుకొక్క మాటంటె మేమెవరిని నమ్మాలె?"

ఇక లాభం లేదు. "నేను డాక్టర్ని కాదు" అన్నాను.

పక్కనున్న రమేశ్ కూడా నా వైపు తిరిగాడు. అతనికీ ఇది కొత్త సంగతే.

"కాలేజీలో పాఠాలు చెబుతాను. మెషిన్ చేశాను, అంతే."

"మరి గా తెల్లకోటు?"

"ఒక పాప నా చొక్కా మీద కక్కింది. సిస్టర్ ఇచ్చింది, వేసుకున్నాను."

పరదా వెనక నుంచి చిన్న నవ్వు వినిపించి మధ్యలో తెగింది. రజితది. కొమురమ్మ నవ్వలేదు.

"నీ చొక్కకు పాలంటినయని నా బిడ్డ పాలు బంద్ జేయిస్తివా సారు?"

నేను చొక్కా వైపు చూసుకున్నాను. 

ఆమె చెప్పింది. నిన్న సాయంత్రం నుంచి సీసానే పట్టారు. రజిత రొమ్ములు రాళ్లలా గట్టిపడ్డాయి. చెయ్యి పైకి లేవడం లేదు. పొద్దున ఒకసారి పాపకు పట్టించబోతే పాప అరిచి ముఖం తిప్పేసుకుంది. "నా పొల్ల పొద్దటిసంది ఏడుస్తాంది. నా పాలు నా బిడ్డ వద్దంటాంది అని."

రమేశ్ విమల సిస్టర్‌కు ఫోన్ కలిపి పరదా కింద నుంచి లోపలికి జరిపాడు. స్పీకర్లో సిస్టర్ గొంతు మాకూ వినిపించింది. వేడి గుడ్డ వేయండి, ముందు కొంచెం పిండి తీసేయండి, మెత్తబడితే పాపకు అందుతుంది, మరీ ఆకలై ఏడవకముందే పెట్టండి.

"గవన్ని నాకెరుకనే సిస్టరమ్మ" అంది కొమురమ్మ లోపలికి వెళుతూ. "నలుగురిని పెంచిన. గీ సారు మాటకు నా తెలివి పోయింది."

"ఆయన అక్కడనే ఉన్నడా?" అంది సిస్టర్. "చేతులకు మిర్చి పెట్టుకొని పిల్ల దిక్కు పోనియ్యకుర్రి."

నేనూ రమేశూ అరుగు మీద కూర్చున్నాం, నాలుగు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, ఎవరినీ ముట్టుకోవడానికి పనికిరానివాళ్లలాగా. లోపల పాప ఏడ్చింది. కొమురమ్మ ఏదో అంది. పాప ఇంకా గట్టిగా ఏడ్చింది. ఆగింది. మళ్లీ ఏడ్చింది. అలా ఎంతసేపో. రమేశ్ నేల చూస్తున్నాడు. ఉన్నట్టుండి ఏడుపు సగంలో తెగిపోయింది.

ఒక గుటక.

రమేశ్ తలెత్తాడు. ఇంకో గుటక. అతని బొటనవేలు కణుపుల మీద కదలడం మొదలైంది. నా వేలూ కదిలింది. మూడు, నాలుగు, అయిదు. ఆరు. ఏడు. ఆగింది.

నా ఊపిరీ ఆగింది. రెండు సెకన్లు దాటింది. నా తలలో తెర ఎర్రబడింది. నేను లేచి నిలబడ్డాను. ఎక్కడికి వెళదామని లేచానో నాకే తెలియదు.

రమేశ్ నా చొక్కా అంచు పట్టుకుని కూర్చోబెట్టాడు. "ఫికర్ జెయ్యకు సార్. దమ్ము తీసుకుంటాంది. ఇంకో బస్తా లేపద్దా?"

లేపింది. ఒకటి, రెండు, మూడు. లోపల రజిత ఏడుస్తూనే నవ్వుతోంది. "తాగుతాందే అవ్వ, తాగుతాంది" అంటోంది. మేం లెక్క మానేశాం. అతను తువ్వాలుతో ముఖం తుడుచుకోబోయి, అది మిర్చి తువ్వాలని గుర్తొచ్చి, ముంజేతితో తుడుచుకున్నాడు.

కాసేపటికి కొమురమ్మ బయటికొచ్చి సీసాను వెలుగుకు ఎత్తి చూసింది. "మంచి సీసా. దీపానికి నూనె పోసుకుంట" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "వార్డుల పదిమంది ముందట అన్నవు గద సారు, నా బిడ్డ పిల్లకు బలం లేదని. మా ఊరి ఆమె గూడ అక్కడనే ఉండె. నేను రాకముందే ఊరంత తెల్సింది. ఇప్పుడు గూడ పదిమంది ముందట చెప్పు."

చెప్పడానికి మనుషుల్ని పిలవనక్కర్లేకపోయింది. వీధి కుళాయి దగ్గర బిందెలతో సిద్ధంగా ఉన్నారు. నన్ను అరుగు మీద నిలబెట్టింది. ఇరవై ఏడేళ్లుగా పాఠాలు చెబుతున్నాను, అంత శ్రద్ధగా విన్న తరగతి నాకు దొరకలేదు.

"రజితకు పాలున్నాయి. పాపకు బలం ఉంది. దవాఖానలో నేను చెప్పింది తప్పు. నేను డాక్టర్ని కాదు."

"ఇనవడ్తలేదు సారు, గట్టిగ" అంది వెనకాల ఒకామె. నాకు తెలుసు, వినిపించింది. మళ్లీ చెప్పాను.

ఒక పెద్దాయన అడిగాడు. "డాక్టర్‌వు కాకుంటె ఎవలవు?"

"ఫిజిక్స్ మాస్టర్ని."

"గట్లనా, గందుకే" అన్నాడాయన. ఊరంతా సమాధానపడింది.

బయల్దేరబోతుంటే కొమురమ్మ పళ్లెం పెట్టింది. బాలింతకు వండిన అన్నమే, వెల్లిగడ్డ కారం, నెయ్యి. ఇంకో కంట్లోనూ నీళ్లొచ్చేంత కారం.

"మీ దిక్కు బాలింతకేం పెడతరు అన్న?" అంది. సారు నుంచి అన్న దాకా వచ్చాను.

"పాలసొర అని ఒక చేప. పొడిపొడిగా వండి పెడతారు, పాలు పడతాయని."

"మీ ఇంటామెకు పెట్టిన్రా?"

"మా అత్తగారు రోజూ పెట్టారు."

"పాలు పడ్డయా?"

 "పడ్డాయి" అన్నాను. "నేనే ఆపాను."

ఆమె ఇంకో గరిటె నెయ్యి వేసింది.

ఇంట్లో

మర్నాడు పొద్దున డాక్టరమ్మకు అంతా రాసి ఇచ్చి, మెషిన్ తెచ్చుకున్నాను. ఇంటికొచ్చాక ముందు ఆ ఎరుపు, ఆ మాట తీసేశాను. ఇప్పుడు గుటకలతో పాటు ఆగడాలనూ లెక్కపెడుతుంది, పేరు పెట్టదు. పంపును చేపలకు తిరిగి ఇచ్చేశాను. రమేశ్ వారం తర్వాత ఫోన్ చేశాడు. నాలుగు రోజులు పనికి సెలవు పెట్టి, చేతులకు నూనె పట్టించి పట్టించి, పాపను ఎత్తుకున్నాడట. యార్డులో మిఠాయి పంచాడట.

ఆ ఆదివారం శారద తమ్ముళ్లు, మరదళ్లు, మా అమ్మాయి భోజనానికి వచ్చారు. ఏదో మాటల్లో పెద్ద బావమరిది ఎప్పటిలాగే, "డబ్బాపాల పిల్ల కదా, దానికి పట్టుదల ఎక్కువ" అన్నాడు. శారద లేచింది, వంటింటికి. నేనూ లేచాను.

"కూర్చో శారదా" అన్నాను. "అందరూ వినండి. బారసాల నాడు నేను చెప్పింది తప్పు. శారదకు పాలు చాలినన్ని ఉండేవి. పిల్ల ఊపిరి తీసుకోవడానికి ఆగేది. నాకు ఓపిక లేక డబ్బా తెచ్చాను."

బావమరిది చేతిలో అప్పడం విరగడం ఆగిపోయింది. అమ్మాయి వాళ్లమ్మ వైపు చూసింది. శారద గుమ్మంలో నిలబడి, విస్తళ్ల మీదుగా ఈ చివర నుంచి ఆ చివర దాకా కళ్లతోనే లెక్కపెట్టింది.

"ఆవిడ పదిమంది ముందు చెప్పమందన్నారుగా" అంది. "ఇక్కడ ఏడుగురే ఉన్నారు. మిగతా ముగ్గురికి ఫోన్ చేయండి. చారు చల్లారాక తిందురుగాని."

చేశాను. బారసాలకు వచ్చిన పిన్నికి ఒకటి, మా పెదనాన్న కొడుక్కి ఒకటి. మూడోది తునిలో ఉన్న మా అక్కకు. అక్కకు చెవులు సరిగ్గా వినిపించవు. వీధి గుమ్మంలో నిలబడి, సిగ్నల్ కోసం, ఒక్కొక్క మాటే గట్టిగా మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఎదురింటివాళ్లు బయటికొచ్చి విన్నారు. పక్కింటివాళ్లు, కూరగాయల బండివాడు కూడా.

తిరిగి చూస్తే శారద గడపలో నిలబడి వేళ్లు ముడుస్తోంది. పది దాటినా ఆపలేదు.